పుస్తకం లేని ఏడాది రసీదు చదివారు

నేను పనిచేసిన సంస్థ పేరు ఇక్కడ రాయను. పెన్షన్ అక్కడి నుంచే వస్తుంది. దేశంలో చరిత్ర పరిశోధన చేసేవాళ్లకు అండగా ఉండడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ అని మాత్రం చెబుతాను. అందులో ఫీల్డ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం తిరిగింది మా మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపే. ఆ ఊళ్ల మాట నాకు వచ్చు కాబట్టి నన్ను అటే తోలారు.

ఈ మధ్య ఉద్యోగంలో చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, ఫీల్డుకు ఏమేం పట్టుకెళ్లాలి?" అని అడుగుతున్నారు. కెమెరా, టేపు, గ్లవుజులు అంటానని వాళ్ల ఆశ. తొందరగా విప్పి తొందరగా తొడుక్కునే చెప్పులు వేసుకెళ్లండి అని చెబుతాను. ఒక్క రోజులో రెండు గుళ్లు, రెండు చర్చీలు, ఒక దర్గా, ఆరేడు ఇళ్లు ఎక్కి దిగాలి. మొదటి ఏడాది నేను బకిల్ చెప్పులతో తిరిగాను. ఆ ఏడాది చరిత్రతో కంటే బకిళ్లతోనే ఎక్కువసేపు గడిపాను.

మేం చేసే పని

మా సంస్థ చరిత్ర రాయదు. రాసేవాళ్లకు ఫెలోషిప్పులు ఇస్తుంది, సెమినార్లకు సాయం చేస్తుంది, పుస్తకాలు అచ్చు వేయిస్తుంది. పాత కాగితాలు ఎవరి దగ్గర ఏమున్నాయో వెతికి జాబితా తయారు చేయడం మా విభాగం పని. మా తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి, తర్వాత ఒంగోలు జిల్లాలో కలిశాయి. అందుకని పాత రికార్డు కోసం ఒంగోలులో అడిగితే కర్నూలు పొమ్మంటారు, కర్నూలులో అడిగితే మీరు ఒంగోలు వాళ్లు కదా అంటారు. ఆఫీసుల్లో దొరకనిది ఇళ్లలో దొరుకుతుందని నేను పల్లెలు పట్టుకున్నాను.

పల్లెలో మన పని గురించి చెబితే ఎవరూ నమ్మరు. పొదిలి దగ్గర ఒక గొర్రెల కాపరి పెద్దాయనకు అరగంట వివరించాను. అంతా శ్రద్ధగా విన్నాడు.

"అట్లయితే పాత కాగితాలు ఉంటే పింఛన్ వస్తాది, అంతే గదా" అన్నాడు.

రాదన్నాను.

"మరి దేనికొచ్చినావు తల్లీ ఇంత ఎండలో?" అని చెంబుతో మజ్జిగ ఇచ్చాడు.

మజ్జిగ తాగి వచ్చేశాను. జవాబు లేనప్పుడు ఏదో ఒకటి కల్పించి చెప్పొద్దు. మజ్జిగ ఇస్తే తాగండి, వద్దనొద్దు. వద్దంటే ఆ ఇంట్లో ఇక కాగితం ముక్క కూడా చూపించరు.

నా చుట్టాలు

కరువు రోజుల గురించి ముసలివాళ్లు చెప్పుకునే కథలు రికార్డు చేసి, ఉన్నదున్నట్టు రాసి, పెద్దాఫీసుకు పంపాను. రెండు నెలలకు పరిశీలకుడి అభ్యంతరం వచ్చింది. "ఈ అధికారిణి తన బంధువులను మాత్రమే ఇంటర్వ్యూ చేసినట్లు కనిపిస్తోంది. వారిలో అన్నలు, మేనమామలు, పెద్దమ్మలు, అవ్వలు ఉన్నారు. ఇట్టి సేకరణ నిష్పాక్షికం కాదు" అని రాశాడు. ఆయనది ఏ ఊరో తెలియదు కానీ, మా కంభం బస్సు ఒక్కసారీ ఎక్కి ఉండడు. అక్కడ కండక్టరు అన్న, టికెట్ లేనివాడు మామ, సీటివ్వని ఆవిడ పెద్దమ్మ.

మా డైరెక్టర్ గారు పిలిచారు. ఆయన ఏ ఫైలైనా చివరి పేజీ నుంచి చదివేవారు. తప్పు చేసినవాళ్లు దాన్ని వెనక పేజీల్లోనే దాస్తారని ఆయన నమ్మకం. "ఇంతమంది మేనమామలు ఎలా వచ్చారమ్మా మీకు?" అని అడిగారు. చెప్పాను. నవ్వకుండా విని, ఒక ఫుట్‌నోట్ పెట్టమన్నారు. "ఈ నివేదికలోని చుట్టాలెవరూ చుట్టాలు కారు" అని పెట్టాను. అది అలాగే అచ్చయింది. నా సర్వీసు మొత్తంలో పూర్తిగా నిరూపించదగిన వాక్యం అదొక్కటే.

బియ్యం డ్రమ్ములో పుస్తకం

ఇక అసలు సంగతి. కంభం నుంచి ఆటోలో వెళ్లే ఒక పల్లెలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. అక్కడి సంఘ పెద్ద దేవదానం, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో చేసి మానుకున్న మనిషి. వాళ్లింట్లో బియ్యం డ్రమ్ములో, వేపాకు మధ్య, ఒక పాత పుస్తకం ఉందని విని వెళ్లాను. పద్దెనిమిది వందల డెబ్భైల్లో వచ్చిన ధాత కరువు రోజుల్లో సంఘంలో చేరినవాళ్ల పేర్లు, అప్పటి ఉపదేశి, అంటే చర్చి బోధకుడు, చేత్తో రాసినవి. అలాంటి పుస్తకం దొరకడం మా వృత్తిలో మామూలు విషయం కాదు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ పుస్తకానికి ఒక మర్యాద ఉంది. ఏటా కోత పండుగ నాడు, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేసే ముందు, దాన్ని తీసి పేర్లన్నీ బిగ్గరగా చదువుతారు. ఒక పేరు చదవగానే ఆ మనిషి సంతతివాళ్లు లేచి నిలబడి "ఉండాం" అనాలి. తర్వాత కూర్చోవాలి. తెరిస్తే చివరిదాకా చదవాల్సిందే, మధ్యలో మూయకూడదు. పెళ్లిళ్లు అటూ ఇటూ కలిసిపోయి, కొందరికి ముప్పై పేర్లకు లేవాల్సి వస్తుంది. దేవదానం భార్య ఎస్తేరమ్మకు మోకాళ్ల నొప్పులు. "మా పెద్దోళ్లు ఇంతమంది చేరకపోయినా సరిపోయుండు మేడమ్" అంది నాతో.

ఆ చర్చిలో ఒక్క పేరుకూ లేవని మనిషి రత్నమ్మ. ఎనభై దాటిన మనిషి. ఆమె కుటుంబం వెనక వచ్చి చేరిందని ఊళ్లో అందరి మాట. కాదు, కరువులోనే మా ముత్తవ్వ వచ్చిందని ఆమె మాట. ఆ ముత్తవ్వ ఎక్కడుందంటే, అంటుకుపోయిన కాగితాల్లో ఉందంటుంది. పుస్తకం మధ్యలో రెండు కాగితాలు గంజితో అంటుకొని ఉన్నాయి. చినిగితే ఎవరో మహానుభావుడు అతికించబోయి ఒకదానికొకటి అతికించాడు. దేవదానం వాళ్ల నాయన కాలానికే అవి అట్ల ఉన్నాయట. చదివేవాళ్లు అక్కడికి రాగానే "ఇక్కడ అంటుకున్నాయి" అని చెప్పి ముందుకు పోతారు. సరిగ్గా అక్కడ రత్నమ్మ గట్టిగా దగ్గుతుంది. ఏటా ఇదే వరస.

నేను వెళ్లేసరికి దేవదానం పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి బయల్దేరుతున్నాడు.

"ఎక్కడికన్నా?"

"కంభం మేడమ్. లామినేషన్‌కు. కాగితం కాగితానికి ప్లాస్టిక్ కొట్టిస్తే నూరేండ్లు ఉంటాదంట. పిలకాయలు చందా ఏసినారు."

పాత కాగితానికి లామినేషన్ అంటే బతికున్న మనిషిని సీసాలో పెట్టి మూత బిగించడమే. మళ్లీ బయటికి తీయలేం. ఆటో ముందు నిలబడిపోయాను. మా ఆఫీసు ల్యాబులో శుభ్రం చేయించి, అంటుకున్నవి విడదీయించి, ఫొటోలు తీయించి తెచ్చిస్తానన్నాను.

"ఎన్నాళ్లు?" అన్నాడు దేవదానం.

"మూడు నెలలు" అన్నాను.

ఎవరడిగినా మూడు నెలలు అనే దురలవాటు మా ఆఫీసులో అందరికీ ఉంది. ఎక్కడ పుట్టిందో తెలియదు. మీకు అంటితే వెంటనే వదిలించుకోండి.

రసీదు రాసిచ్చాను. ఆటో ఎక్కుతుంటే రత్నమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నాకప్పటికి యాభై దాటాయి.

"పాపా, ఆ కాగితాలు జాగర్తగా ఊడదియ్యండి. మా ముత్తవ్వ అందులో ఉంది. కరువులో మా తాతను సంకన ఏసుకొని వచ్చినాది. నేను చచ్చేలోపల ఒక్కపారి లేసి నిలబడాల."

సరేనన్నాను. ఆ మాట నాకు బరువుగా తగిలింది. అయినా మూడు నెలలే కదా అనుకున్నాను.

నా టిక్కు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆఫీసుకు వచ్చాక పుస్తకానికి ఒక ఫారం నింపాలి. అందులో రెండు గళ్లు: తాత్కాలిక స్వీకరణ, శాశ్వత స్వీకరణ. ఆ రోజు నేను అలసిపోయి ఉన్నాను, బస్సులో తిన్న మిరపకాయ బజ్జీ కడుపులో గొడవ చేస్తోంది. రెండో గడిలో టిక్కు పెట్టాను. దాంతో ఆ పుస్తకం జాతీయ సంపద అయిపోయింది.

జాతీయ సంపదను ముట్టుకోవాలంటే నిపుణుల సంఘం చెప్పాలి. నిపుణుల సంఘం ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. మొదటిసారి మా పుస్తకం వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. రెండోసారి ఒక నిపుణుడు, ఆ గంజి కూడా చారిత్రక ఆధారమే కాబట్టి దాన్ని విడదీయరాదని వాదించాడు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు, అదే నా బాధ. తిరిగి ఇచ్చేద్దామంటే జాతీయ సంపదను దేశం నుంచి వేరు చేయడానికి పెద్దాఫీసు అనుమతి కావాలట. కంభం దేశంలోనే ఉంది కదా అని రాశాను. దానికి జవాబు రాలేదు.

ఇంతలో కోత పండుగ వచ్చింది. దేవదానం ఫోన్ చేశాడు. "పుస్తకం లేకున్నా మీరు రాండి మేడమ్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అందుకే ఎక్కువ సిగ్గేసింది. వెళ్లాను. వెనక బెంచీలో కూర్చున్నాను. నా పక్కన వేలానికి తెచ్చిన పుంజు ఒకటి కాళ్లు కట్టేసి ఉంది.

పేర్లు చదివే వేళకు దేవదానం లేచాడు. బైబిలు లోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. అది నేనిచ్చిన రసీదు.

"పుస్తకం ఆఫీసులో ఉండాది. పుస్తకం బదులు వాళ్లు ఇది ఇచ్చినారు. ఆనవాయితీ తప్పకూడదు గనక ఇదే చదువుతాం" అని మొదలుపెట్టాడు.

"వివరం. పాత రిజిస్టరు ఒకటి."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఎవరో లేచి "ఉండాం" అన్నారు. ఇక మిగతావాళ్లు ఆగుతారా?

"అట్ట. చినిగినది."

"ఉండాం."

"చెదలు. ఉన్నవి."

చర్చి మొత్తం లేచి "ఉండాం" అంది. పుంజు కూడా కూసింది. ఎస్తేరమ్మ మాత్రం లేవలేదు, చెదలతో మాకు చుట్టరికం లేదంది. ఎవరూ నవ్వలేదు. అంత భక్తిగా నా అక్షరాలు ఎవరూ ఎప్పుడూ చదవలేదు. డైరెక్టర్ గారు కూడా చదవలేదు.

చివర్లో "తీసుకున్నవారు" అని నా పేరు చదివాడు. ఎవరూ లేవలేదు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. పేరు చదివితే ఆ పేరు తాలూకు మనిషి లేవాలి. లేచి నిలబడి "ఉన్నాను" అన్నాను.

బయటికొచ్చాక రత్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను.

"పేరుండేవాళ్లకు ఎంత సుళువో చూడు పాపా. నిన్నగాక మొన్న వచ్చినావు, లేసి నిలబడితివి" అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అందుకున్న అన్ని మెమోల కంటే అది పెద్ద మెమో. తిరుగు బస్సులో కంభం నుంచి గిద్దలూరు దాకా ఏడ్చుకుంటూ వచ్చాను. పక్కనున్న ఆవిడ, ఎవరు పోయినారమ్మా అని అడిగింది.

గంజి విడిపోయిన రోజు

మర్నాడు డైరెక్టర్ గారికి ఉత్తరం రాశాను. ఆయన అలవాటు తెలుసు కాబట్టి నా తప్పును మొదటి పేజీ మొదటి వాక్యంలో పెట్టాను. ఆయన చివరి పేజీ నుంచి మొదలుపెట్టి, ఎక్కడా తప్పు దొరక్క, ముందుకు వచ్చేసరికి సాయంత్రమైంది. పిలిచారు.

"మీరు ఒక సంఘాన్ని మొత్తం తీసుకొచ్చి మన బీరువాలో పెట్టారు" అన్నారు.

"అవునండి."

"ఆ టిక్కు కొట్టివేసి మొదటి గడిలో పెట్టండి. నేను సంతకం పెడతాను. పెద్దాఫీసు అడిగితే నాకు చూపు మందగించిందని చెప్పండి."

లాభనష్టాలు లెక్కేసుకొని బతికే అధికారులను చాలామందిని చూశాను. ఇంకొకరి పొరపాటు మీద తన సంతకం పెట్టినవాడు ఈయనొక్కడే. మీకు అలాంటి అధికారి దొరికితే ఆయన రిటైరయ్యేలోపు కష్టమైన పనులన్నీ చేసేసుకోండి.

నిపుణుల సంఘం కూడా చివరికి ఒప్పుకుంది. గంజిలోంచి చిటికెడు తీసి సీసాలో భద్రపరచాలని షరతు పెట్టింది. ఆ సీసా ఇప్పటికీ మా ఆఫీసులో ఉంది, దానికి నంబరు కూడా ఉంది. ల్యాబు మనిషి గోపాలం రోజంతా తడి అద్దుడు కాగితాలు వేస్తూ, తీస్తూ, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి కాగితాలు విడిపోయాయి. సిరా కొంచెం పోయింది, చదవడానికి ఇబ్బంది లేదు. నేను ఒక్కొక్క పేరే చూసుకుంటూ వచ్చాను. పేర్లు, ఊర్లు, చేరిన తేదీలు ఉన్నాయి. రత్నమ్మ ముత్తవ్వ పేరు ఓబులమ్మ అని, నేనడిగితే, ఆమె చెప్పి ఉంది. ఓబులమ్మ లేదు. రెండోసారి చూశాను. లేదు. చివరి నుంచి రెండో వరసలో మాత్రం ఇలా ఉంది:

"కరువు పని నుండి వచ్చిన స్త్రీ. చంకను బిడ్డ. పేరు తరువాత చెప్పుదునన్నది."

కరువు పని అంటే ఆ రోజుల్లో సర్కారు కూలికి పెట్టించిన రోడ్డు, చెరువు పని. ఎవరికి భయపడి చెప్పలేదో, ఎవరిని తప్పించుకొని వచ్చిందో మనకు తెలియదు. తర్వాత చెప్పిందో లేదో, చెప్పినా ఉపదేశి రాయడం మరిచాడో, అదీ తెలియదు.

డైరెక్టర్ గారికి ఆ వరస చూపించాను. "మీ రత్నమ్మ ముత్తవ్వేనా?" అని అడిగారు. ఆధారం లేదన్నాను. నివేదికలో "నిర్ధారణ కాలేదు" అని రాశాను. ఈ రోజుకూ ఆ మాట మీదే ఉన్నాను. మనసు ఒకటి చెబుతుంది, కాగితం ఒకటి చెబుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు కాగితం చెప్పిందే రాయాలి. మనసు చెప్పింది ఇలా రిటైరయ్యాక రాసుకోవచ్చు.

కోత పండుగ

ఆ పేజీ ఫొటో దేవదానం ఫోనుకు పంపడం నా రెండో తప్పు. తెల్లారేసరికి ఆ పేరులేని స్త్రీ నలుగురికి ముత్తవ్వ అయింది. నాకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఒకాయన, ఆమె మా వంశమేనని మీ ఆఫీసు సీలుతో రాసివ్వండి అన్నాడు. మా సంస్థ ముత్తవ్వలకు సర్టిఫికెట్లు ఇవ్వదని చెప్పాల్సి వచ్చింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఎస్తేరమ్మ. ముప్పై సార్లు లేవడానికే మూలిగే మనిషి ముప్పై ఒకటోసారికి సిద్ధమైంది.

పుస్తకాన్ని కొత్త పెట్టెలో పెట్టుకొని ఆ మరుసటి ఏడు పండుగ నాటికి నేనే తీసుకెళ్లాను. చర్చి నిండిపోయింది. దేవదానం మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాడు. జనం లేస్తున్నారు, కూర్చుంటున్నారు. అంటుకున్న కాగితాల చోటు వచ్చింది. అలవాటు చొప్పున అందరూ రత్నమ్మ వైపు చూశారు. ఆమె దగ్గలేదు. కొత్త పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే, ఇన్నేళ్లూ వినని తాతల పేర్లు విని కొందరు తడబడుతూ లేచారు.

అప్పుడు ఆ వరస చదివాడు. "కరువు పని నుండి వచ్చిన స్త్రీ. చంకను బిడ్డ. పేరు తరువాత చెప్పుదునన్నది."

నాలుగు బెంచీల్లో జనం లేచారు. ఎస్తేరమ్మ అందరికంటే ముందు లేచింది. రత్నమ్మ చేతికర్ర వెతుక్కొని లేచేసరికి ఆలస్యమైంది. దేవదానం కళ్లద్దాలు తీసి అందర్నీ చూశాడు.

"ఇంతమంది లేస్తే ఎట్ల? ఒక్క బిడ్డను ఎత్తుకొని వచ్చినాది ఆ యమ్మ" అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు.

"సరే. తరువాత చెబుతానన్నాది గదా. ఆ పేరు ఏందో చెప్పండి."

లేచినవాళ్లు పక్కవాళ్ల వైపు చూశారు. ఆమెను తమ మనిషిని చేసుకోవాలని అందరికీ ఉంది కానీ, ఆమెను ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు.

"ఓబులమ్మ" అంది రత్నమ్మ. "మా తాత చచ్చిపోయేటప్పుడు మా నాయనకు చెప్పినాడు. మా నాయన నాకు చెప్పినాడు. అడిగినోళ్లు లేక, ఈ పాపకు తప్ప నేను ఎవరికీ చెప్పలా."

ఎస్తేరమ్మ తన మోకాలు పట్టుకొని మెల్లగా కూర్చుంది. ఆమె వెనక మిగతావాళ్లూ కూర్చున్నారు. వాళ్లకు నిలబడడానికి వేరే పేర్లు ఉన్నాయి.

దేవదానం నా వైపు పెన్ను చాపాడు. "రాయండి మేడమ్, ఆ వరస పక్కన." రాయలేనన్నాను. పాత కాగితం మీద చుక్క కూడా పెట్టకూడదన్నది నా వృత్తిలో నేను ఎన్నడూ తప్పని ఒకే ఒక్క నియమం. ఆ రోజు తప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఆయన అర్థం చేసుకున్నాడో, నన్ను తిట్టుకున్నాడో కానీ, పెన్ను జేబులో పెట్టుకొని పుస్తకం వైపు తిరిగి, అందులో ఉన్నట్టే బిగ్గరగా చదివాడు.

"ఓబులమ్మ."

"ఉండాం" అంది రత్నమ్మ.

తర్వాతి పేరు చదివాడు. ఆమె కూర్చోలేదు. ఇంకో పేరు, ఇంకో పేరు. అందరూ లేచి కూర్చుంటున్నారు, ఆమె మాత్రం కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడే ఉంది. పేజీ తిప్పే ముందు దేవదానం ఆగాడు.

"నీది అయిపాయ గదా పెద్దమ్మా, కూర్చో. కాళ్లు నొప్పి పుడతాయి."

"కూచునింది చాల్లే నాయనా, నువ్వు చదువు" అంది.